హైదరాబాదులో ఆకాశపు కొలత

ఈ సాయంకాలము నేను ప్రసంగింపబూనిన విషయము ఆకాశమును కొలుచుటను గూర్చినది. భూమిని కొలుచుట మీకందరకును ఎరుకయే. గొలుసు పట్టి, సర్వే రాళ్ళు పాతి, నంబరులు వేసి, విస్తీర్ణము వ్రాసి, పటము గీయుదురు. ఇరువురకు గట్టు తగవు వచ్చినప్పుడు నైజాము కాలపు సేత్వారు తీసి చూతురు. అట్లే నక్షత్రములకు గూడ నంబరులు వేసి, ఒక్కొక్కదాని తావును వ్రాసిపెట్టిన పని యొకటి మన హైదరాబాదు నగరమున సుమారు పాతికేండ్లు నడచినది. ఆ పని యెట్లు జరిగెనో, అటు తరువాత కంటికి కనబడని వెలుగులతో మిక్కిలి దూరమునందలి గెలాక్సీలను వెదకు విద్య యెట్లు వచ్చెనో, అందులో మన ప్రాంతమున కెంత పాలు కలదో మనవి చేసెదను.

నేడు హైదరాబాదు పడమటి దిక్కున హైటెక్ సిటీ అను భాగము కలదు. మాదాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అని దాని చుట్టుపట్ల పేళ్ళు. 1998 నవంబరు 22 వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి అచట సైబర్ టవర్స్ అను సౌధమును ప్రారంభించిరి. దానికి ముందు అది రాళ్ళగుట్టల నడుమ నున్న పల్లెసీమ. ఆ రాళ్ళు సామాన్యములైనవి కావు. వాని వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇప్పుడచట రాత్రివేళ నిలుచుండి తలయెత్తి చూచినచో చంద్రుడు, శుక్రుడు, మరి నాలుగైదు పెద్ద చుక్కలు తప్ప నేమియు కానరావు. మీ యూళ్ళలో వాకిట మంచము వేసికొని పరుండిన బాలునికి పిల్లలకోడి కనబడును, పాలవెల్లి కనబడును. ఆ సౌధములలో కంప్యూటర్లముందు కూర్చుండిన విద్యావంతునికి అవి కనబడవు. అయినను, ఎవ్వరి కంటికిని కనబడని గెలాక్సీల చిత్రములు అంతరిక్షమునుండి దిగివచ్చి ఆ కంప్యూటర్ల తెరమీదనే కనబడుచున్నవి. ఈ విపరీతమునకు వెనుక నూరేండ్ల చరిత్ర కలదు.

తెలుగువారికి వేధశాలలు క్రొత్త కావు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున తమ సొంత ద్రవ్యముతో నొక వేధశాలను నెలకొల్పిరి. వారు చెన్నపురి వేధశాలలో టేలరు దొరవద్ద శిష్యరికము చేసినవారు. వారి యనంతరము అల్లుడు అంకితం వెంకట నర్సింగరావుగారు దానిని పోషించి, 1874 డిసెంబరు 9 న శుక్రుడు సూర్యబింబముపై నడచిపోవుటను అచటినుండి పరిశీలించిరి. ఆ కథ వేరొక ప్రసంగమునకు తగినంతటిది కావున విడిచి, హైదరాబాదునకు వచ్చెదను.

హైదరాబాదు రాజ్యమున పాయిగా వంశీయుడు నవాబు జఫర్ జంగు బహదూరుగారికి నక్షత్రములయందు ప్రీతి మెండు. ఆయన 1901 లో ఇంగ్లండునుండి గ్రబ్ కంపెనీవారి దుర్భిణి నొకదానిని కొనిరి. దాని ముందటి అద్దము అడ్డుకొలత 15 అంగుళములు. ఫిసల్‌బండలోని తమ ఆవరణమున వేధశాల నెలకొల్పి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్‌గారి అనుమతితో దానికి నిజామియా వేధశాల యని పేరిడిరి. తమ తరువాత ప్రభుత్వమువారు దానిని స్వీకరింపవలెనని ఆయన కోరిక. 1907 లో ఆయన మరణించిరి. 1908 లో ప్రభుత్వ ఆర్థికశాఖవారు వేధశాలను తమ వశము చేసికొనిరి. ఆ యేటనే, సెప్టెంబరు 28 న, మూసీనది పొంగి నగరమున వేలకొలది జనమును పొట్టనబెట్టుకొన్నది. అట్టి సంవత్సరమున నక్షత్రముల పని చేపట్టుటకు ఖజానాలో రూకలుండుట విశేషమే యని నాకు తోచుచున్నది.

తొలి డైరెక్టరు ఆర్థర్ బ్రూనెల్ చాట్‌వుడ్ అను ఆంగ్లేయుడు. ఆయన కాలమున వేధశాల బేగంపేటకు మారినది. ఆ దినములలో బేగంపేట నగరమునకు వెలుపల నున్నది. అచట చీకటియు, నిశ్శబ్దమును ఉండెడివి.

ఇక ఆ వేధశాల పూనుకొన్న పనిని వివరింతును. 1887 లో ఫ్రాన్సు రాజధానియగు పారిసు నగరమున నానాదేశముల జ్యోతిశ్శాస్త్రజ్ఞులు సభ చేరిరి. అప్పటికి ఛాయాచిత్రములు తీయు విద్య కొంత ముదిరినది. కంటితో ఒక్కొక్క చుక్కను చూచి వ్రాసికొనుటకు మారుగా, గాజుపలకపై ఆకాశమునే ముద్రించినచో వేలకొలది చుక్కల నొక్కసారిగ పట్టవచ్చునని వారు తలంచిరి. అంతట ఆకాశమునంతను వలయములుగా భాగించి, దేశమున కొక భాగము పంచిపెట్టిరి. మొదట 18 వేధశాలలు పని కొప్పుకొన్నవి. గ్రామములో చెరువుమట్టి త్రవ్వుటకు ఇంటి కింతయని వంతులు వేసినట్లే యనుకొనుడు. ఒప్పుకొన్నవారందరును వంతు తీర్చలేదు. దక్షిణ అమెరికాయందలి చిలీ దేశమున సాంటియాగో వేధశాలకు వచ్చిన వంతు సాగక నిలిచిపోయినది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణముగా 17 వ డిగ్రీ మొదలు 23 వ డిగ్రీ వరకు గల పట్టీ యది. దానిని హైదరాబాదు తలకెత్తుకొన్నది.

మీకు తెలిసిన గుర్తు చెప్పవలెనన్న, వృశ్చికరాశియందు అనూరాధ యని మన పంచాంగములు చెప్పు నక్షత్రములో ముఖ్యమైన రెండు తారలు ఈ పట్టీలోనివే.

ఆ పనికై కుక్ కంపెనీవారి 8 అంగుళముల ఛాయాచిత్ర దుర్భిణి నొకదానిని తెప్పించిరి. గాజుపలక యొక్కొక్కటి రమారమి జానెడు చదరము. ఒక పలకమీద ఆకాశములో రెండు డిగ్రీల చదరము, అనగా పున్నమి చంద్రుని బింబములు నాలుగు వరుసగా పట్టునంత నిడివిగల తావు, ముద్రితమగును. భూమి తిరుగుచుండుటచే చుక్కలు జరిగిపోవును గదా; కావున పలకపై వెలుగు పడుచున్నంతసేపును దుర్భిణి చుక్కతోపాటు మెల్లమెల్లగా తిరుగుచుండవలెను. కన్ను దుర్భిణినుండి తీయరాదు. ఏమాత్రము తప్పినను చుక్క బిందువుగా గాక గీతగా పడును. మబ్బు వచ్చినచో ఆ రాత్రి పోయినట్లే. వెన్నెల హెచ్చినను పోయినట్లే. వానకాలము మూడునాలుగు నెలలు పని యుండదు. ఇట్టి ఆటంకముల నడుమ 1914 మొదలు 1929 వరకు దక్షిణపు పట్టీని ముగించిరి.

పలక తీయుట సగము పని కూడ కాదు. పలకమీద గళ్ళు ముద్రించి యుందురు. గడికిని గడికిని నడుమ 5 మిల్లీమీటర్ల యెడము. పగటివేళ ఉద్యోగులు సూక్ష్మదర్శిని క్రింద పలకనుంచి, ఒక్కొక్క చుక్క ఏ గడిలో నున్నది, గీతకు అడ్డముగా నెంత, నిలువుగా నెంత యని కొలిచి వ్రాయుదురు. ధూళికణ మేదో, చుక్క యేదో చూచి వేరుచేయవలెను. చుక్క పరిమాణమునుబట్టి దాని కాంతిని అంచనా వేయవలెను. ఒక పలకలో వందలకొలది చుక్కలు. అట్టి పలకలు వేలు. ఇట్టి లెక్కలు వ్రాయువారిని ఆ దినములలో ఇంగ్లీషున కంప్యూటర్లని పిలుచుచుండిరి. నవ్వుకొనదగిన విషయమే! కంప్యూటరన నేడు యంత్రము, నాడు మనుష్యుడు. రోమునగరమున పోపుగారి వేధశాలలో ఈ కొలతపని నలుగురు సన్యాసినులు 1910 మొదలు 1921 వరకు చేసిరి. హైటెక్ సిటీ కంప్యూటర్ల నగరమని ప్రసిద్ధి చెందుటకు ఎనుబదియేండ్లకు ముందే, అచటికి రెండు మూడు క్రోసుల దూరమున, బేగంపేటలో, మనుష్యులే కంప్యూటర్లై పని చేసిరన్నమాట.

చాట్‌వుడ్ తరువాత 1914 లో రాబర్ట్ జాన్ పోకాక్ వచ్చిరి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున టర్నరు అను ఆచార్యునివద్ద ఈ విద్య నేర్చినవారు. పట్టీ పని చురుకుగా సాగుటకు ఆయన కారణము. ముప్పదియేండ్లయినను నిండకుండగనే 1918 లో ఆయన కాలము చేసిరి. అప్పుడు టి. పి. భాస్కరన్‌గారు డైరెక్టరయి 1944 వరకు ఆ పీఠమున నుండిరి. ఈ పదవి నలంకరించిన మొదటి భారతీయులు వారే. 1919 లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చినది. జఫర్ జంగుగారు కొన్న 15 అంగుళముల దుర్భిణి ఇన్నాళ్ళు మూలబడియుండగా 1922 లో దానిని బేగంపేటలో నిలిపిరి. కొన్నవాడు కన్ను మూసిన పదునైదేండ్లకు!

దక్షిణపు పట్టీ ముగియుచుండగనే మరియొక వంతు వచ్చినది. జర్మనీలోని పోట్స్‌డాం వేధశాల చేయలేక విడిచిన ఉత్తరపు వలయములో 36 వ డిగ్రీ మొదలు 39 వ డిగ్రీ వరకు హైదరాబాదువారు స్వీకరించి, 1928 మొదలు 1938 వరకు ఛాయాచిత్రములు తీసిరి. మన పురాణములయందు ప్రసిద్ధమగు అభిజిత్తు ఆ పట్టీలోనిది. తమ వంతు తీర్చి, మరియొకరి వంతులో కూడ చేయి వేసిన వేధశాలలు లోకమున కొలదిగా నున్నవి. మన వేధశాల రెండవసారి కూడ ఇతరుల వంతునే మోసినది.

ఇచట నొక ప్రశ్న గలదు. దీనివలన నేమి లాభము కలిగెను? ఈ ప్రశ్న పల్లెవారు మాత్రమే వేయునది కాదు. పండితులును వేసిరి. అమెరికా దేశపు వేధశాలలు ఈ వంతులలో చేరనేలేదు. అచట కాలిఫోర్నియాలో మౌంట్ విల్సన్ కొండపై 100 అంగుళముల దుర్భిణితో ఎడ్విన్ హబుల్ అనునాతడు 1923 లో ఆండ్రోమెడా అను మసకమబ్బువంటి దానిలో ఒక నక్షత్రమును గుర్తించి, అది మన పాలవెల్లికి చాల వెలుపల నున్న మరియొక పాలవెల్లియని నిరూపించెను. అట్టివానినే గెలాక్సీలందురు. 1929 లో, అనగా హైదరాబాదువారు దక్షిణపు పట్టీని ముగించిన యేటనే, గెలాక్సీలు దూరమైనకొలది యెక్కువ వేగముగా మననుండి తొలగిపోవుచున్నవని ఆయన ప్రకటించెను. అచట విశ్వమునకే క్రొత్త యెల్లలు ఏర్పడుచుండగా ఇచట మనవారు గళ్ళలో చుక్కలు లెక్కపెట్టుచుండిరని యెవరైన నన్నచో, ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. ఐరోపాలో కొందరు చరిత్రకారులు ఈ మహాప్రయత్నము ఒక తరము శాస్త్రజ్ఞుల కాలమును మ్రింగివేసినదని వ్రాసిరి.

నేను ఆ మాటను పూర్తిగా ఒప్పుకొనజాలను. కారణము చెప్పెదను. నక్షత్రములు స్థిరములని పేరే గాని నిజముగా స్థిరములు కావు. ఒక్కొక్కటి తన దారిని తాను పోవుచున్నది. అయితే దూరము మిక్కుటమగుటచే నొక మనుష్యుని జీవితకాలమున ఆ కదలిక తెలియదు. తెలియవలెనన్న పాత కొలత యొకటి, క్రొత్త కొలత యొకటి, నడుమ చాల యేండ్ల యెడము కావలెను. 1989 లో ఐరోపావారు హిపార్కస్ అను ఉపగ్రహమును నక్షత్రముల తావులు కొలుచుటకై పంపిరి. క్రొత్త కొలత వచ్చినది. పాత కొలత యేది? అప్పుడు నానాదేశముల పాత పట్టికలు, అందు హైదరాబాదు సంపుటములును, దుమ్ము దులిపి తీసిరి. అమెరికా నౌకాదళ వేధశాలవారు ఆ 46 లక్షల నక్షత్రముల తావులను యంత్రమున కెక్కించి సరిచూచిరి. వానిని ఆధారము చేసికొని 2000 సంవత్సరమున టైకో-2 అను పట్టిక వెలువడినది. అందు 25 లక్షల నక్షత్రముల తావులు, వానిలో ఇంచుమించు అన్నిటి నడకలు గలవు. తగవు తీర్చుటకు పాత సేత్వారు పనికివచ్చినట్లు బేగంపేట కొలతలు పనికివచ్చినవి. అప్పటికి వానిని కొలిచినవారిలో పెక్కుమంది గతించియే యుందురు.

వేధశాల వలన మనుష్యులు కూడ తయారైరి. అచట పనిచేయుచుండిన బప్పుగారి కుమారుడు వేణు బప్పు ఆ ఆవరణమున దుర్భిణుల నడుమ పెరిగెను. నిజాము కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో 1949 లో అమెరికాకు పోయెను. పోయిన యేటనే ఒక తోకచుక్కను కనిపెట్టెను. దానికి బప్పు, బోక్, న్యూకిర్క్ అను ముగ్గురి పేళ్ళు కలిపి పెట్టిరి. తరువాత ఆయన స్వదేశమునకు వచ్చి, తమిళదేశమున జవ్వాది కొండలలో కావలూరు వేధశాలను కట్టించెను. 1982 లో ఆయన మరణించిరి. అచటి 2.34 మీటర్ల దుర్భిణికి నేడు ఆయన పేరే కలదు.

నగరము పెరుగుచుండుటచే బేగంపేటలో చీకటి తగ్గినది. అక్బర్ అలీగారు డైరెక్టరుగా నున్నకాలమున 48 అంగుళముల దుర్భిణికి ప్రయత్నములు జరిగెను. దానిని నగరమునకు దూరముగా, ఇబ్రహీంపట్టణమునకు ఆవల జపాల, రంగాపురము అను రెండు పల్లెల నడుమ గుట్టపై 1968 లో నిలిపిరి. ఆ పల్లెల పేళ్ళు కలిపి దానికి జపాల్-రంగాపూర్ వేధశాల యని పేరు వచ్చినది. 1980 ఫిబ్రవరి 16 న సంపూర్ణ సూర్యగ్రహణము తెలంగాణముమీదుగా పోయినది. మీలో పలువురకది జ్ఞాపక ముండును. ఆనాడు నగరవీధులలో మానవమాత్రుడు కానరాలేదు; జనులు తలుపులు మూసికొని యిండ్లలోనే యుండిరి. ఆ వేళ జపాల్-రంగాపూరు గుట్టమీద మాత్రము శాస్త్రజ్ఞులు గుమిగూడి యుండిరి. బేగంపేటలోని పాత ఆవరణమున నేడు ఆర్థిక సామాజిక అధ్యయన సంస్థ యున్నది. వీధిచిరునామాలో నిజామియా వేధశాల యను మాట నేటికిని నిలిచియున్నది.

ఇంతవరకు చెప్పినది కంటికి కనబడు వెలుగును గూర్చి. ఇక కనబడనిదానిని గూర్చి వినుడు.

పొయ్యిలోని నిప్పుకణికను చూడుడు. ఎర్రగా నున్నంతసేపు అది కనబడును. పైన నివురు కప్పినచో కనబడదు. కాని చేయి దగ్గరకు చాచినచో వేడి తగులును. కమ్మరి కొలిమిలోనుండి తీసిన ఇనుము నల్లబడిన తరువాత కూడ మొగమునకు సెగ కొట్టుచునే యుండును. ఆ సెగ కూడ ఒక విధమగు వెలుగే. కంటికి దాని నందుకొను శక్తి లేదంతే. 1800 లో విలియం హెర్షెల్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకముచే రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకము నుంచి చూచెను. ఎరుపునకు ఆవల, ఏ రంగును లేనిచోట, పాదరసము మరింత పైకి లేచినది. ఎరుపునకు ఆవల నున్నది కావున దానిని పరారుణమని మన పండితులు పేరు పెట్టిరి.

ఆకాశమున నక్షత్రములు పుట్టుచోట దట్టమైన ధూళిమేఘములుండును. లోపల నక్షత్రము మండుచున్నను మనకు నల్లని మరకవలె కనబడును. నివురు గప్పిన నిప్పు అచట సామెత కాదు, యథార్థము. పరారుణమును చూడగల యంత్రమున్నచో ఆ నివురు అడ్డు రాదు. కాని చిక్కేమనగా, మన గాలిలోని నీటియావిరి ఆ కిరణములను చాలవరకు మ్రింగివేయును. అవి నేలకు చేరవు. కావున యంత్రమునే గాలికి పైకి తీసికొనిపోవలెను.

ఈ పని హైదరాబాదులో జరిగినది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనసంస్థవారు పెద్ద బెలూనులతో యంత్రములను పైకి పంపుటకై హైదరాబాదు తూర్పుదిక్కున ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతమున ఒక కేంద్రమును స్థాపించిరి. హైదరాబాదునే యేల కోరుకొనిరనగా, ఇది భూమధ్యరేఖకు చేరువ. అంతరిక్షమునుండి వచ్చు కణవర్షము ఇచట తక్కువ. మరియు నాలుగు దిక్కులను భూమియే గాని సముద్రము లేదు. పైకి పోయినది క్రిందికి దిగినప్పుడు చేతికి దొరకును. పలుచని ప్లాస్టిక్ పొరతో బెలూనును చేసి, హైడ్రోజను వాయువు నింపి, రాత్రివేళ వదలుదురు. పైకి పోయినకొలది అది ఉబ్బి పెద్ద మేడయంత యగును. 30 కిలోమీటర్లకు పైబడిన తరువాత గాలిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు దాని క్రిందనే యుండిపోవును.

ఇట్లు పైకి పోయిన యంత్రములలో మన ప్రసంగమునకు సంబంధించినది 100 సెంటీమీటర్ల పరారుణ దుర్భిణి. 1980 ల నుండి అది హైదరాబాదునుండి పలుమారులు ఎగిరినది. సెగను పట్టు యంత్రమునకు తన సెగయే శత్రువు. కావున దాని కన్నుగా నుండు పరికరమును ద్రవరూపమైన హీలియముతో మిక్కిలి చల్లబరచవలెను. మంచుగడ్డ దాని యెదుట కాగిన పెనమువంటిది. 1999 నుండి జపాను శాస్త్రజ్ఞులు తమ పరికరమును దానికి తగిలించి, కర్బన పరమాణువులు వెలువరించు 158 మైక్రానుల కిరణమును పరిశీలించిరి. మైక్రానన మిల్లీమీటరులో వెయ్యవ భాగము. ఈ దుర్భిణి ముఖ్యముగా చూచినవి మన పాలవెల్లిలోనే నక్షత్రములు పుట్టుచుండు మేఘములు. దూరపు గెలాక్సీలు దాని చేతికి అందునవి కావు. కాని విద్య యొకటే.

దూరపు గెలాక్సీలకు బెలూను చాలదు. గాలిని పూర్తిగా విడిచిపోవలెను. 1983 జనవరిలో అమెరికా, హాలెండు, ఇంగ్లండు దేశములవారు కలసి ఐరాస్ అను పరారుణ ఉపగ్రహమును పంపిరి. దాని హీలియము పది నెలలలో ఆవిరియైపోయినది. ఆ పది నెలలలో అది ఆకాశమున నూటికి 96 పాళ్ళు చుట్టి కొలిచినది. పారిసు సభవారి వంతులు తీరుటకు పట్టిన దశాబ్దులను దీనితో పోల్చుకొనుడు! అంతకుముందు మినుకుమినుకుమని కానవచ్చిన గెలాక్సీలు కొన్ని నిజమునకు సెగలో బ్రహ్మాండమైన కొలుములని దానివలన తెలిసినది. తరువాత 2003 నుండి 2020 వరకు స్పిట్జర్ అను దుర్భిణి పనిచేసినది.

2021 డిసెంబరు 25 న జేమ్స్ వెబ్ అను దుర్భిణి బయలుదేరినది. ఇది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున నున్నది. దీని అద్దము 6.5 మీటర్లు, 18 పలకలుగా చేసి, పైన బంగారుపూత పూసిరి. ఎండ తగులకుండ ఐదు పొరల గొడుగు పట్టిరి. నీటికుండను చెట్టునీడను పెట్టినట్లు, ఆ గొడుగు నీడలో దుర్భిణి సున్నకు క్రింద 220 డిగ్రీలకు పైగా చల్లబడియుండును.

దూరపు గెలాక్సీలకు పరారుణమే యేల కావలెనో రెండు మాటలలో చెప్పెదను. వెలుగు నడచుటకు కాలము పట్టును. సూర్యునినుండి మనకు ఎనిమిది నిమిషములు. అభిజిత్తునుండి 25 ఏండ్లు. నేడు మీరు చూచు అభిజిత్తు వెలుగు పాతికేండ్లకు ముందు బయలుదేరినది. దూరపు గెలాక్సీల వెలుగు వందలకోట్ల యేండ్లు నడచివచ్చును. అది నడచుచుండగా విశ్వము పెరుగుచుండును. విశ్వముతోపాటు వెలుగు తరంగము సాగును. బయలుదేరినప్పుడు నీలముగా నున్నది సాగి సాగి ఎరుపై, ఎరుపు దాటి పరారుణమై మనకు చేరును. 2024 లో వెబ్ దుర్భిణివారు ప్రకటించిన గెలాక్సీ యొకదాని వెలుగు ఇట్లు సుమారు పదునైదింతలు సాగినది. విశ్వపు వయస్సు 1380 కోట్ల యేండ్లు కాగా, ఆ వెలుగు బయలుదేరునప్పటికి విశ్వమునకు 30 కోట్ల యేండ్లయినను నిండలేదు. మాదాపురపు గుట్టలు ఏర్పడునప్పటికే ఆ వెలుగు వెయ్యికోట్ల యేండ్లకు మించి నడచియున్నది. అంత తొందరగా అట్టి ప్రకాశవంతమైన గెలాక్సీలు పుట్టుట శాస్త్రజ్ఞులు ఊహింపనిది. దానికి కారణమును గూర్చి వాదములు జరుగుచున్నవి.

వెబ్ కొలతలు అమెరికాలోని బాల్టిమోరు నగరమున భద్రపరుపబడి, ఎక్కువయైన నొక సంవత్సరము గడచిన పిదప సర్వజనులకును ఉచితముగా లభించును. వానిని విప్పి చూచుటకు నవాబుగారివలె దుర్భిణి కొననక్కరలేదు. చదువును, కంప్యూటరును, ఓపికయు చాలును. ఆ సౌధములలో పనిచేయు మీ కుమారులు, మనుమలు ఆ మూడును గలవారే. అయినను ఈ పని కూడ యంత్రము తనంతట చేయునది కాదు. ఒక చుక్క దూరపు గెలాక్సీయో, దగ్గరి చల్లని నక్షత్రమో, యంత్రపు దోషమో తేల్చుటకు మనుష్యుడే చూడవలెను. బేగంపేటలో ధూళికణమును చుక్కనుండి వేరుచేసిన పని యిదియే.

కడపట మీతో నేరుగా సంబంధించిన మాట యొకటి. హైదరాబాదునుండి బెలూనులు నేటికిని ఎగురుచున్నవి. పని ముగిసిన తరువాత యంత్రపు పెట్టె గొడుగువంటి పారాషూటుతో దిగి, గాలి యెటు పోయిన నటు, తెలంగాణములోగాని, కర్ణాటక, మహారాష్ట్ర దేశములలోగాని, ఏదో యొక చేనిలో పడును. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లాలోని ఒక పల్లెపొలమున ఇట్లే స్పెయిను దేశపు కంపెనీవారి పెద్ద గోళమొకటి దిగగా, జనులు వింతపడి గుంపులుగా చూడబోయిరి. భయపడవలసిన పని లేదు. అది బాంబు కాదు. విప్పి చూడను రాదు. లోపల నున్నది కొన్ని యేండ్ల శ్రమ. కొలతలు కొన్ని ఆ పెట్టెలోనే యుండును. ఒకవేళ లోపల విద్యుత్తు అపాయకరముగా నుండవచ్చును. పెట్టెమీద ఎవరికి తెలుపవలెనో చిరునామాయు, టెలిఫోను నంబరును వ్రాసి యుందురు. పిల్లలను దూరముగ నుంచి, ప్లాస్టిక్ పొరను ఎవరును కోసికొనిపోకుండ నొకరిని కాపుంచి, దగ్గరి పోలీసు ఠాణాకో, తపాలా కచ్చేరికో కబురు పంపుడు. వారు వచ్చి తీసికొనిపోవుదురు. తెలిపినవారికి తగిన బహుమానము, దారిఖర్చులును ఇత్తురు.